ఊరంతా చూసిన ముఖం

జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో మేము ఇల్లు కొన్న కొత్తలో పక్కింటావిడ నాతో అన్న మొదటి మాట, "నీ చీర అంచు నేలకి తగులుతోంది, తొక్కుకుని పడతావు" అని. అప్పటికే ఆవిడకు ఎనభై దాటాయి. అమెరికన్ ఆవిడ. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, ఎక్కడో ఉత్తరాన ఉంటాడు. చెత్తడబ్బా రోడ్డు మీదికి తోయడానికైనా పెదవులకు రంగు వేసుకోనిదే బయటికి వచ్చేది కాదు. చూపు మందగించి కారు నడపడం మానేశాక, శుక్రవారం శుక్రవారం జుట్టు సెట్ చేయించుకోవడానికి నేనే తీసుకెళ్లేదాన్ని. నాకప్పటికి ఉద్యోగం చేసే అనుమతి రాలేదు. పగళ్లు ఎంతకీ గడిచేవి కావు.

ఆవిడ ఒకప్పుడు దేశమంతటికీ జరిగే అందాల పోటీలో తన రాష్ట్రం తరఫున నిలబడిందని మాకు చాలా ఏళ్లు తెలియదు. మా అమ్మాయి వల్ల బయటపడింది. ఇక్కడి తెలుగువాళ్లు ఉగాది వేడుకల్లో హైస్కూలు ఆడపిల్లలకు అందాల పోటీ పెడితే, అది పేరిచ్చింది. మా డ్రైవ్‌వేలో ఎత్తు మడమల చెప్పులు వేసుకుని నడక సాధన చేస్తుంటే ఆవిడ వాకర్ పట్టుకుని వచ్చి నిలబడింది.

"కాళ్ల వైపు చూడకు. నేల ఎక్కడికీ పోదు," అంది.

ఆ రోజు నుంచి స్కూలు బస్సు దిగడం, సంచీ మా గుమ్మంలో పడేసి ఆవిడ దగ్గరికి పరుగెత్తడం. ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అన్నీ నేర్పింది. ఒకనాడు వాళ్ల వంటింట్లో కూర్చుని ఉండగా, "గ్రానీ, ఇవన్నీ నీకెలా తెలుసు?" అని అడిగింది మా అమ్మాయి. ఆవిడ గ్లాసులో ఐసు కదుపుతూ చెప్పింది.

ఆవిడది నూలు మిల్లు ఊరు. తల్లి మిల్లులో పనిచేసేది. టీవీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఈ పిల్ల పోటీకి వెళ్లిందని ఫర్నిచర్ షాపాయన కొట్లో టీవీ పెట్టి, అమ్మకానికున్న సోఫాల్లో ఊరిజనాన్ని కూర్చోబెట్టాడు. ఆమె తల్లికి అందరికంటే ముందు కుర్చీ.

"పోటీలో నేను పాట పాడింది చివరిరోజుకు ముందే. బాగా పాడానన్నారు. కానీ అప్పుడు కెమెరాలు లేవు. చివరిరోజు ఒక్కటే టీవీలో వేశారు," అంది. "ఆ లైట్ల వేడికి పౌడరు కరిగి మెడ మీదికి కారేది. గెలిచేవాళ్ల పేర్లు పిలిచారు. నా పేరు లేదు. నేను వెనక వరసలో ఉన్నాను. అంత పెద్ద హాల్లో నా ముఖం ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను. మూతి వంకరపోయింది, ఏడ్చేశాను. కెమెరా అంత దూరాన ఉండి కూడా ముఖాన్ని దగ్గరికి లాగి చూపిస్తుందని నాకెవరూ చెప్పలేదు."

ఫర్నిచర్ షాపులో కూర్చున్నవాళ్లు చూసింది అదొక్కటే. పాట వినలేదు, నడక చూడలేదు. తెర నిండా ఏడుపు ముఖం చూశారు. ఊరికి తిరిగొచ్చి బస్సు దిగితే తల్లి అడిగిన మాట, "అందరి ముందూ ఆ ముఖం ఎందుకు పెట్టావు?"

తర్వాత ఊళ్లో కుర్రాళ్లు ఆమె ఎదురైతే మూతి వంకర పెట్టి చూపించేవాళ్లట. చర్చిలో పాడడం మానేసింది. అడిగిన మొదటివాణ్ణి పెళ్లాడి ఆ ఊరు వదిలి వచ్చేసింది.

మా అమ్మాయి పోటీ రోజున ఆవిడ నీలం సూటు, ముత్యాల దండ వేసుకుని ముందు వరసలో కూర్చుంది. అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియం కిటకిటలాడింది. స్టేజీ పక్కన పెద్ద తెర. ఇండియాలో అమ్మమ్మలూ తాతయ్యలూ చూసేందుకు లైవ్. మా అమ్మాయి బాగా నడిచింది, తడబడకుండా మాట్లాడింది. కానీ పేర్లు చదివినప్పుడు దాని పేరు రాలేదు. వీడియో తీసే అతను ముందుకు జరిగాడు. తెర మీద మా అమ్మాయి ముఖం, వణుకుతున్న గడ్డం, అంత పెద్దవిగా కనిపించాయి.

ఆవిడ లేచింది. వాకర్ వదిలేసి, కుర్చీలు పట్టుకుంటూ వెళ్లి కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపు! ఆ పిల్ల ముఖం మీంచి తియ్యి దాన్ని!"

స్పీకర్లలో మోగుతున్న పాట ఆగిపోయింది. కార్యక్రమం నడిపిస్తున్న ఆవిడ మైకులోనే, "మేడమ్, ప్లీజ్ సిట్ డౌన్! ఎవరండీ ఈవిడ, ఎవరు తీసుకొచ్చారు?" అంది. నేను వెళ్లి మా పక్కింటావిడను పట్టుకున్నాను. చుట్టూ ఫోన్లు లేచాయి. మేము ఇల్లు చేరేలోపే ఆ వీడియో వాట్సాప్ గ్రూపులన్నిటికీ పాకింది, కింద నవ్వు బొమ్మలతో. అరుస్తున్న ముసలావిడ, ఆమె భుజం వెనక ఏడుస్తున్న మా అమ్మాయి.

"షి రూయిన్డ్ ఇట్, అమ్మా! స్కూల్లో అందరూ చూసేశారు," అంది మా అమ్మాయి తలుపు వేసుకుంటూ.

"నిన్ను దాచాలనే కదే వెళ్లింది."

"నేను అడిగానా?"

మర్నాటి నుంచి అది ఆ ఇంటి వైపు చూడలేదు. శుక్రవారం కారెక్కాక ఆవిడ, "పిల్లకి నా మీద కోపంగా ఉందా?" అని అడిగింది. పరీక్షలున్నాయని చెప్పాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపింది.

ఆ వేసవిలో ఆవిడకు మతిమరుపు మొదలై ముదిరింది. పొయ్యి మీద గిన్నెలు మాడ్చేది. సెలూన్‌కి వెళ్లొచ్చిన గంటకే మళ్లీ తయారై మా గుమ్మంలో నిలబడేది. కొడుకు వచ్చి, మతిమరుపు ముదిరినవాళ్లను చూసుకునే హోములో చేర్పించాడు. మా ఇంటికి గంట దూరం. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల్లో ఆవిడను చూడడానికి నేను బయల్దేరుతుంటే మా అమ్మాయి తనంతట తానే వచ్చి కార్లో కూర్చుంది.

ఆవిడ పెదవులకు రంగు లేదు. అలా చూడడం నాకదే మొదటిసారి. మా అమ్మాయిని పరీక్షగా చూసి, "నీది ఏ రాష్ట్రం?" అంది.

అది నావైపు చూసింది. తర్వాత, "జార్జియా," అంది.

"జార్జియా అమ్మాయి బాగా పాడుతుందన్నారు. నువ్వేనా?"

"అవును, గ్రానీ."

"మా అమ్మ చూస్తోంది. ఊళ్లో అందరూ చూస్తున్నారు," అంది ఆవిడ సంబరంగా. అంత సంబరం ఆమె ముఖంలో నేనెన్నడూ చూడలేదు. మా అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. ఇంతలో నర్సు మందులు తెచ్చింది. మందులు మింగాక ఆవిడ మమ్మల్ని మరచిపోయింది.

చలికాలం చివర్లో కొడుకు ఫోన్ చేశాడు. ఆవిడ పోయి అప్పటికి చాలా రోజులైందట, ఖననం కూడా అయిపోయిందట. ఇల్లు అమ్మకానికి పెడుతున్నాను, మీ దగ్గరున్న తాళంచెవి ఏజెంటుకు ఇవ్వగలరా అని అడిగాడు. ఇస్తానన్నాను. టిఫిన్ తింటున్న మా అమ్మాయికి సంగతి చెప్పాను. ప్లేటు పక్కకు జరిపి, కిటికీలోంచి ఆ ఇంటి వైపు చూసి, బస్సు హారన్ వినిపించగానే లేచి వెళ్లిపోయింది.