ముప్పై ఒక్క లక్ష్ములూ ఒక కాంపౌండరు గారూ

నందివాడ చుట్టుపక్కల ఊళ్ళకి పశువుల కాంపౌండరుగా పనిచేసిన పెద్దాయన మొన్న మంగళవారం కన్నుమూశారు. కబురు నాకు మా పాలావిడ చెప్పింది. “కాంపౌండరు గారు పోయారంటమ్మా. పొద్దున్నించీ మా గేదె పాలు చేపట్లేదు” అంది. గేదె సంగతి నాకు తెలియదు గానీ, ఆ పూట నాకూ ఏ పనీ సాగలేదు.

గుడివాడలో నాదో చిన్న కంప్యూటర్ సెంటరు. రిటైరయ్యాక కూడా ఊళ్ళు తిరుగుతూ పశువుల్ని చూసే ఆయన, నిరుడు ఎరువుల సంచీ నిండా నోటుబుక్కులు తెచ్చి నా బల్ల మీద కుమ్మరించారు. అన్నీ గేదెల వివరాలే. అన్నిటికీ ఒకే రకం గడులు గీద్దామంటే కుదరలేదు. ఒక గేదెకి ఈతలూ జబ్బులూ ఉంటే, ఇంకోదానికి ‘రేడియో ఆపితే తంతుంది’ అని మాత్రమే ఉంది. అందుకని అప్పుడే కొత్తగా వచ్చిన డాక్యుమెంట్ డేటాబేస్ ఒకటి నెట్ నుంచి దించాను. అందులో ఒక్కో గేదెకి ఒక్కో కాగితం. దేని కాగితంలో దానికి కావలసినవే రాసుకోవచ్చు. ఆయన అంతా శ్రద్ధగా విని, “అయితే నా నోటుబుక్కునే కరెంటుతో నడిపిస్తావన్నమాట” అన్నారు. నేను ఎంసీఏ చదివింది అందుకేనని ఒప్పుకోవలసి వచ్చింది.

టైపు చెయ్యడానికి ఆయనకి ఒక వేలే పనిచేసేది. ఎంటర్ నొక్కేముందు కీబోర్డుని పక్కనుంచి రెండుసార్లు మెల్లగా తట్టేవారు. సూది వేసేముందు గేదెని తట్టే అలవాటది.

ఒకరోజు ఫోను చేసి, లక్ష్మికి చూడి నిలవలేదు, మార్చమన్నారు. నేను రెండు వరుసల కోడు రాశాను. పేరు లక్ష్మి అయిన కాగితం వెతుకు, చూడి ‘లేదు’ అని మార్చు. కంప్యూటరు చెప్పినట్టే చేసింది. మన వైపు ప్రతి రెండో గేదె పేరూ లక్ష్మేనని దానికేం తెలుసు? నాకు తెలియాలి గానీ. ముప్పై ఒక్క లక్ష్ములకీ ఒకేసారి చూడి పోయింది. వాటిలో అంతకుముందే చచ్చిపోయిన లక్ష్మి కూడా ఉంది.

అది గమనించకుండా, చూడి లేని గేదెల జాబితా అచ్చు తీసి, మర్నాటి పశువుల క్యాంపుకి వచ్చే డాక్టరు గారికి పంపాను. చూడి లేని గేదెలకి ఎద సూది వేయడం ఆయన పని. అదే సూది చూడి గేదెకి పడితే దూడ దక్కదు.

పొద్దున్నే కాంపౌండరు గారు జాబితా నకలు చూసుకుంటూ, కాలువ గట్టు ఇంటివాళ్ళ లక్ష్మి దగ్గర ఆగిపోయారట. దానికి ఏడో నెల. వెంటనే నా దగ్గరికొచ్చి, మోపెడ్ దిగకుండానే “ఎక్కమ్మా” అన్నారు. దారిలో విషయం చెప్పారు.

మేం వెళ్ళేసరికి డాక్టరు గారి చేతిలో ఆ పూట మొదటి సూది, ఎదురుగా కాలువ గట్టు లక్ష్మి. కాంపౌండరు గారు స్టాండు వేయకుండానే దిగి పరుగెత్తారు. మోపెడూ నేనూ కలిసి బురదలో పడ్డాం. ఆ చప్పుడికి లక్ష్మి బెదిరి, తాడు తెంపుకుని పారిపోయింది. దూడ అలా దక్కింది.

ఎవరి తప్పిదని డాక్టరు గారు కేకలేశారు. నేను నోరు తెరిచేలోపే కాంపౌండరు గారు, “నాదేనండీ. ఏ లక్ష్మో చెప్పకుండా ఫోను పెట్టేశాను” అన్నారు. బురదలో నిలబడి నేను నిజంగానే ఏడ్చాను.

లక్ష్మిని పట్టి తెచ్చాక, నా చెయ్యి తీసుకుని దాని డొక్కకి ఆనించారు. లోపల దూడ తన్నింది.

“నువ్వు వెతకాల్సింది దీన్నమ్మా, పేరుని కాదు” అన్నారు.

అప్పటినుంచీ నా కోడు యజమాని ఇల్లు, కొమ్ముల తీరు, నుదుటి మీది సుడి మూడూ చూసేది. ఒకటికి మించి కాగితాలు దొరికితే ఏదీ మార్చకుండా ఆగిపోయేది. ఇప్పుడు ఎవరికి ఏ ప్రోగ్రాం రాసిచ్చినా ముందు ఆ డొక్కే గుర్తొస్తుంది. అంతకన్నా నాకు పనికొచ్చిన పాఠం కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఆయన పోయిన సాయంత్రం డేటాబేస్ తెరిచి ఆ లక్ష్మి కాగితం చూశాను. దాని కింద దూడకి కూడా ఒక కాగితం ఉంది. ఆయనే చేర్చారు, నాకెప్పుడూ చెప్పలేదు. ‘పేరు: శారద. కంగారెక్కువ. కసరొద్దు. చేరదీస్తే మాలిమి అవుతుంది.’

శారద నా పేరు.

మర్నాడు కాలువ గట్టుకి వెళ్ళి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, నా పేరుతో నేనే పిలిచాను. దూడ గడ్డి నమలడం ఆపి, తలెత్తి, నేనెవరో తేల్చుకుంటున్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వచ్చి నా అరచేతిలో మూతి పెట్టింది.