మల్లయ్య ఎద్దు, రెండు రకాల రూపాయలు

మల్లయ్య ఎద్దును అమ్మనక్కర్లేదు! పందేల సంఘమే దాని వైద్యానికి డబ్బిస్తోంది. ఆ లెక్క తేల్చింది నేను. మా ఇంట్లో మొదటి బి.ఏ.ని, నేను చేసిన మొదటి ఆడిట్, అంటే లెక్కల తనిఖీ, ఇదే.

ఇది 1949 వేసవి. మిర్యాలగూడలో ధాన్యం కొట్టు గుమాస్తాను. కోదాడలో ఏటా బండలాగుడు పందెం పెట్టే సంఘం లెక్క చూడమంటే వెళ్లాను. ప్రవేశ రుసుములోంచి బహుమతులు పోగా మిగిలింది దెబ్బతిన్న ఎద్దులకే ఖర్చు పెడతారు. ఈసారి చివ్వెంల కౌలురైతు మల్లయ్య ఎద్దు బండ లాగుతూ కాలు విరగ్గొట్టుకుంది.

"పెట్టెల మిగిలింది కట్టుకే సాలదు మల్లన్నా, మేతకేడికెళ్లి తేవాలె?" అన్నాడు కోశాధికారి రంగయ్య.

"గట్లయితే కటికోనికి ఇస్త. తొలకరికి రెండో ఎద్దు పక్కన నేనే కాడి మోస్త."

నేను సంఘం డబ్బు పెట్టె బోర్లించాను. "ఏందిరా బీఏ, నువ్వు ముట్టుకుంటే రూపాయలు ఈనుతయా?" అని నవ్వాడు రంగయ్య.

నైజాం హాలీ రూపాయల్లో సరిహద్దు అవతలివాళ్లు కట్టిన బ్రిటిషు రూపాయలు, అంటే కల్దార్లు, కలిసిపోయి ఉన్నాయి. కల్దారు విలువ ఎక్కువ.

"ఇవి ఏరు జేయలేదా కాకా?"

"పందెంల అందరి ఎడ్లు ఒకటే, అందరి రూపాయి ఒకటే. మా తాతలకాడికెళ్లి గిదే రివాజు."

"తీసుకునేటప్పుడు ఒకటే గానీ. మారిస్తే ఎక్కువొస్తయి గదా!"

దీన్నే ఎక్స్ఛేంజ్, మారకం అంటారు. వేరుచేసి లెక్కగడితే కట్టుకూ, వానలదాకా మేతకూ సరిపోయేలా ఉంది. రంగయ్య మొహం మాత్రం వాడిపోయింది. "గా ఎక్కువ అవతలోళ్లదేగా? వాపసియ్యాలె."

సరిహద్దు అవతలి నుంచి ఎడ్లు తోలుకొచ్చినవాళ్లకు పెద్ద అయిన సుబ్బయ్య పక్కనే చుట్ట కాలుస్తున్నాడు. "మా రూపాయి విలువ మాకు తెలీదటయ్యా? ఇవాళ ఈయన ఎద్దు, రేపు నాది. ఉంచండి" అన్నాడు.

మల్లయ్య వెళ్లి ఎద్దు మెడ నిమిరాడు.

మిగులు ఎంతో చెప్పడంతో నా పని అయిపోయిందనుకున్నాను. అది ఎవరిదో, వాళ్లేమంటారో అడిగాకే లెక్క ముగుస్తుందని నేర్చుకున్నాను.

ఇంకా కబురు చెప్పాల్సినవాళ్లు: సూర్యాపేటలో రూపాయలు మార్చే సాహుకారు, కట్టు కట్టే వైద్యుడు, నిడమనూరులో మా అమ్మ. అందరికన్నా ముందు చివ్వెంలలో మల్లయ్య భార్య. ఎద్దును కటికవాడికి ఇచ్చేశారనుకుని ఆమె నిన్నటి నుంచి అన్నం ముట్టలేదట.