హనోకు తాతయ్య నాలుగు టీవీల డిపో

ఎన్నికల్లో ఎవరు గెలిచారన్నది మా హనోకు తాతయ్యకు అనవసరం. ఏ చానల్ ఎన్ని గంటలకు గెలిపించిందన్నదే కావాలి. బందరు బస్టాండులో ముప్పై ఏళ్ళు కంట్రోలరుగా కూర్చుని బస్సుల టైములు రాసిన చెయ్యి, రిటైరైనా ఊరుకోలేదు.

ఓట్ల లెక్కింపు రోజున ఇరుగుపొరుగు టీవీలు కూడా మా వరండాలోకి వచ్చేస్తాయి. మొత్తం నాలుగు టీవీలు, నాలుగు చానళ్ళు. తాతయ్యకు కాస్త చెవుడు కాబట్టి అన్నీ పెద్ద సౌండులోనే. వాటికి పేర్లు ఆయన పెట్టినవే: అరుపులది, బాణాసంచాది, జ్యోతిష్యుడిది, నత్తది. "అరుపులది తొమ్మిదీ పదికి వచ్చింది, లోపల ఒక్క ప్యాసింజరు లేడు" అన్నాడంటే ఆధారం లేని వార్తని అర్థం. బాణాసంచాది పోస్టల్ ఓట్లకే ప్రభుత్వం ఏర్పాటు చేసేస్తుంది. జ్యోతిష్యుడిదాంట్లో ఓట్లు మానేసి గ్రహాలు లెక్కపెడతారు. నత్తది మాత్రం అధికారి సంతకం పడితేనే అంకె చూపిస్తుంది. తాతయ్య దానికి నూటికి తొంభై వేశాడు. యాంకరు కునికిపాట్లు పడుతున్నాడని పది కోసేశాడు.

ఈసారి పక్కింటి ఆనందమ్మగారి అమ్మాయి కృపాకుమారి, నర్సు ఉద్యోగం వదులుకుని మరీ ఇండిపెండెంటుగా నిలబడింది. ఆ పిల్ల లెక్కింపు హాల్లో ఉంది. అక్కడికి ఫోన్లు రానివ్వరు. ఆనందమ్మగారికి పోయిన నెలే గుండెకు స్టెంటు వేసి, కంగారు పడొద్దన్నారు డాక్టర్లు. ఆవిడ వచ్చి సరిగ్గా నాలుగు టీవీల ముందు కూర్చుంది.

పదో రౌండుకి అరుపులది ఏడుపు సంగీతం పెట్టి కృపాకుమారిని ఓడించేసింది. అదే నిమిషంలో బాణాసంచాది ఆమె మెడలో దండ వేసింది. ఆనందమ్మగారి చెయ్యి గుండె మీదికి వెళ్ళింది.

"ఆ రెండు బళ్ళూ తప్పు బోర్డు పెట్టుకొచ్చాయి చెల్లెమ్మా, ఎక్కకు," అన్నాడు తాతయ్య.

పద్నాలుగో రౌండుకి నత్తది కూడా చెప్పేసింది: ఆరువందల ఓట్లు వెనక. ఆనందమ్మగారి చూపు అటు తిరిగేలోపు తాతయ్య నాలుగు టీవీలూ కట్టేశాడు. ఇంట్లో పెళ్ళిచూపులు జరుగుతున్నా లెక్కింపు రోజున టీవీ కట్టని మనిషి! డ్రైవర్లకు టీ టైమన్నాడు. తనే పెట్టాడు. షుగరున్నవాడు మూడు కప్పులు తాగి, ఆవిడ చేత కూతురి చిన్నప్పటి అల్లరంతా చెప్పించాడు. మధ్యమధ్య కుళాయి కట్టొస్తానంటూ పెరట్లోకి ఐదుసార్లు వెళ్ళాడు. మా కుళాయికి నీళ్ళొచ్చేది సాయంత్రమే.

ఐదోసారి పరుగున వచ్చి టీవీలన్నీ పెట్టేశాడు. వరదల్లో కృపాకుమారి పడవ మీద తిరిగి మందులిచ్చిన దివిసీమ లంకల ఓట్లు ఆఖరి రౌండులో లెక్కించారు. రెండువందల పదకొండు ఓట్ల మెజారిటీ! నాలుగు చానళ్ళూ మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డాయి. వీధంతా డప్పులు. పాస్టరుగారు కూడా రెండు స్టెప్పులు వేశారు.

ఆనందమ్మగారు కళ్ళు తుడుచుకుని, "అన్నయ్యగారూ, ఆ అరగంటా పిల్ల ఓడిపోతూనే ఉందా?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా, టీవీలు కట్టేశాంగా."

"మీ జేబులో ఫోను 'కృపాకుమారి వెనకబడింది, వెనకబడింది' అని వార్తలు చెబుతూ ఒకటే గోల. చెవుడు మీకండీ, నాకు కాదు. మీరంత కష్టపడుతున్నారని నేనూ వినపడనట్టే కూర్చున్నాను. టీ మాత్రం ఏం బాగోలేదండీ."