వంక నీళ్ళు తేరేదాకా

మా వియ్యంకుడు ఇక లేడన్న మాట నాకు కడపలో, ఆసుపత్రి వరండాలో తెలిసింది. అంతకు కాస్త ముందే నర్సమ్మ బయటికొచ్చి, "ఆడబిడ్డ తాతా! తల్లీబిడ్డా బాగుండారు," అని చెప్పి పోయింది. ఎన్నో ఏళ్ళు ఎదురు చూశాక నా కూతురి కడుపు పండింది. నా సంతోషం పట్టడానికి ఆ వరండా చాలలేదు. ముందుగా ఆయనకే చెబుదామని సెల్‌ఫోను తీశాను. నేను నొక్కకముందే అది మోగింది. తండ్రిని పిలుచుకొస్తానని ఊరికి పోయిన అల్లుడు అవతల ఏడుస్తున్నాడు. పొద్దున గని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని మంచం మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదట.

ఆ దేవుడు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నాడు. నేనేమీ పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. మా వియ్యంకుడి గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే మనసు నిలవడం లేదు.

మంగంపేట పక్కన ఒక ముగ్గురాయి గనిలో ఆయన ఫోర్‌మన్. గనిలో పనికిరాని మట్టిని కొండలాగా పోస్తారు. ఆ మట్టిగుట్ట కింద వానకు పారే వంక, వంక పక్కనే నా చేను, బావి. ఒక ఏడు వానకు ఆ మట్టి కరిగి నా వేరుశనగ మీద పడింది. బావినీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. గని గేటు దగ్గరికి పోయి కేకలేశాను.

"ఏమప్పా, మీ మట్టంతా నా చేన్లో పొయ్యమని ఎవురు చెప్పినారు?"

ఆయన నా వెంట వచ్చి, బూట్లు విప్పి ఆ బురదలో దిగాడు.

"తప్పు నాదేప్పా. గుట్ట కింద కట్ట పోయించినా. ఆ గుట్ట మట్టితోనే పోయించినా. నీళ్ళతో పాటు కట్ట గూడా నీ చేన్లోకి వచ్చింది."

"దొంగకే తాళాలిచ్చినట్టుంది నీ పని!" అన్నాను. ఆయన నవ్వాడు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఆ ఎండాకాలం ఆయన గుట్ట చుట్టూ కాలువ తీయించి, వంకకు పైన వరసగా గుంటలు తవ్వించాడు. గుంటకూ గుంటకూ నడుమ రాతికట్టలు. "పరిగెత్తే నీళ్ళు మట్టిని మోస్తాయి బావా. కూసునే చోటిస్తే అవే దించేస్తాయి," అనేవాడు. వియ్యం కలవకముందే నన్ను బావా అని పిలిచిన మనిషి!

వాన వెలిసిందంటే గాజు గ్లాసు పట్టుకుని వంక మీది కల్వర్టు దగ్గరికి వచ్చేవాడు. వంకనీళ్ళు ముంచి పిట్టగోడ మీద పెట్టేవాడు. మట్టి అడుక్కు దిగేదాకా ఇద్దరం అక్కడే కూర్చోవాలి. ఎంత దిగితే గుంటలు అంత తప్పు చేసినట్టు. నేను ఊరుకోలేక, "చూడు, ఎంత బురదో!" అనేవాణ్ణి.

"తొందరపడాకు బావా. ఇంకా తేరుతాండాయి."

అట్లా కూర్చున్నప్పుడే ఒక రోజు, "మీ పాపను మా ఇంటికియ్యి," అన్నాడు.

"నా బిడ్డకు ఏ నీళ్ళు తాపుతావప్పా?"

"మీ బావి నీళ్ళే తెచ్చుకుంటాం. అవి చెడిపోతే ఇంట్లో నా కోడలే నన్ను తిడతాది. అంతకంటే భయం ఏముంటాది నాకు?"

ఇచ్చాను. అంత మంచి ఇల్లు నా బిడ్డకు ఇంకెక్కడ దొరికేది?

లారీలు తిరగడానికి చోటు చాలలేదని ఒకసారి చివరి గుంటను పూడ్చమన్నారట పైవాళ్ళు. "లారీలు చుట్టు తిరిగి పోతాయి సార్. నీళ్ళు పోవు," అని గట్టు మీద నిలబడ్డాడట. గుంట మిగిలింది. ఏటా వానలకు ముందు గుంటల్లో పూడిక తీయించేవాడు. "నిండిన కడుపుకు పెడితే బయటికే వస్తాది," అనేవాడు.

సమాధి తోటలో పాస్టరుగారి ప్రార్థన జరుగుతున్నంతసేపూ నా మనసు వంక మీదనే ఉంది. ఇక ఆ గుంటలను ఎవరు చూస్తారు? నా బావి మళ్ళీ బూడిదవుతుందా? ఆ బావినీళ్ళతోనే కదా పసిదానికి స్నానం! మట్టి వేసి వస్తున్నప్పుడు అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు చివరాకరి గుంట పూడిక తీయించే ఇంటికొచ్చినాడు మామా, నాయన."

నా కూతురు బిడ్డతో మా ఇంటికి చేరింది. మొన్న తొలివాన పడింది. వెలిసీ వెలియకముందే కల్వర్టు దగ్గరికి పోయాను. అప్పటికే అల్లుడు తండ్రి గ్లాసులో నీళ్ళు ముంచి, ఆయన పెట్టేచోటే పెట్టి కూర్చున్నాడు.

"మబ్బుగా ఉండాయి కదప్పా!" అన్నాను.

"తొందరపడాకు మామా. ఇంకా తేరుతాండాయి."

అచ్చం ఆ గొంతే. పక్కన కూర్చున్నాను. ఎండ వచ్చింది. మట్టి సన్నగా, కాటుక గీత మాదిరి అడుగున నిలిచింది. పైనున్న నీళ్ళలోంచి మా బావి, దాని పక్కన నా కూతురు ఆరేస్తున్న పసిగుడ్డలు కుడిఎడమలుగా, తెల్లగా కనిపించాయి.