కుంటడం రాని పిన్ని

పిన్ని రోజూ పొద్దున్నే గాజు గ్లాసులో అంచుదాకా నీళ్ళు నింపి, వంటింటి గట్టు దగ్గర్నించి వీధి తలుపుదాకా నడుస్తుంది. పంతొమ్మిది అడుగులు. ఒక్క చుక్క తొణక్కూడదు. బస్సు ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కిందనించి పోయాక మొదలైన సాధన ఇది. పన్నెండేళ్ళయింది. మొదట్లో సగం గ్లాసుతో, గోడ పట్టుకుని నడిచేదట. ఇప్పుడు ఆమె అద్దాలు అరగదీసే కళ్ళజోళ్ళ దుకాణంలో పెట్టుడు కాలి సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు.

మా అమ్మ ఆమెకు అక్క. అమ్మకి టీవీ షో పిచ్చి. పదిహేను మందిని ఒకే ఇంట్లో పెట్టి వంద రోజులు చూపిస్తారే, అది. అక్కడ ఎవరైనా అలిగితే మా ఇంట్లో అన్నం మాడుతుంది. ఈసారి 'అన్ని రకాల మనుషులకూ చోటు' అని ప్రకటన రాగానే, పిన్నితో మాటైనా అనకుండా ఆమె ఫోటో పంపేసింది. పిలుపొచ్చింది.

పిన్ని ముందు కసిరింది. రెండ్రోజులాగి, "ఈ కాలుతో ఇలా కూడా నడవొచ్చని నలుగురూ చూస్తారులే" అంది.

ఎంపిక చేసే ఆవిడ చేతిలో జాబితా ఉంది. "ముసలివాళ్ళ చోటు నిండింది. నల్లగా ఉన్నవాళ్ళదీ నిండింది. కాలు లేనివాళ్ళదొక్కటే ఖాళీ. ఏదీ, నడవండి."

పిన్ని నడిచింది.

"అయ్యో, మామూలుగానే నడుస్తున్నారే!"

"థాంక్సండీ."

"మెచ్చుకోలు కాదమ్మా. చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? కాస్త కుంటండి. వారం టైమిస్తాను."

ఆ వారమంతా అమ్మ రిమోట్ పట్టుకుని సోఫాలో కూర్చుంది. "ఇంకొంచెం వాలవే. జాలి రావట్లేదు."

"రాకూడదనే కదక్కా ఇన్నేళ్ళు నేర్చుకున్నాను."

"వంద రోజులే కదే! అందరికీ చెప్పేశాను, నా పరువు తియ్యకు."

అక్క మాట తీసెయ్యలేక పిన్ని కుంటింది. నాలుగోరోజు పొద్దున ఏడో అడుగులో గ్లాసు తొణికింది. నేల తుడిచింది. ఐదోరోజు మూడో అడుగుకే తొణికింది. ఆరోరోజు తుంటి పట్టేసి గోడ పట్టుకుంది. కాలు బిగించిన డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన ఒక్కటే అడిగాడట: "ఈ నడక ఎవరు నేర్పారమ్మా? అలవాటైతే పాతది తిరిగి రాదు."

ఏడోరోజు. పొడుగాటి హాలు, నేలమీద తెల్లగీత, చివర కెమెరా, దాని పక్కన బల్ల దగ్గర ఎంపిక చేసే ఆవిడ. తలుపు అద్దంలోంచి అమ్మ చూస్తోంది. "కుంటవే, కుంటు" అని పెదవులు కదుపుతూనే ఉంది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను.

గీత మొదట్లో బల్లమీద మంచినీళ్ళ సీసా, గ్లాసు ఉన్నాయి. పిన్ని గ్లాసు అంచుదాకా నింపింది. నడక మొదలుపెట్టింది. ఎనిమిదో అడుగులో తుంటి కలుక్కుమన్నట్టుంది, ఆగింది. నీళ్ళు అంచుమీద వణికాయి. అమ్మ నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. పిన్ని తన పాత అడుగే వేసింది. ఇంకోటి. చివరిదాకా. మణికట్టుమీద రెండు చుక్కలు పడ్డాయంతే. గ్లాసు ఆవిడ ముందు పెట్టింది.

"చాలా బాగా నడిచారండీ" అని ఆవిడ పిన్ని పేరు కొట్టేసింది.

ఆ చోటులోకి ఒక నటుడు వచ్చాడు. రెండు కాళ్ళూ ఉన్నవాడే. కాలు పోయిన వాడి వేషమట. అమ్మ రెండ్రోజులు పిన్నితో మాట్లాడలేదు. మూడోరోజు వాడికి ఓటేసింది.

"పాపం, ఎలా ఈడ్చుకుంటూ నడుస్తున్నాడో చూడవే!"

"నిన్న ఎడమకాలు ఈడ్చాడక్కా. ఇవాళ కుడి."

"నువ్వు నోర్మూసుకో!" అని అమ్మ ఇంకో ఓటేసింది.

పిన్ని ఇప్పటికీ అదే దుకాణంలో అద్దాలు అరగదీస్తోంది. పొద్దున్నే పంతొమ్మిది అడుగులూ నడుస్తుంది, కాకపోతే గ్లాసు ఒక వేలు వెలితిగా నింపుకుంటుంది.