పత్తికట్టె సంచితో కొత్తపట్నం దాకా

పోయిన వానాకాలం జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి మా ఆవిడ రత్తమ్మకి వాసన తెలియడం మానేసింది. ముక్కుతో పాటు నాలుకా పోయింది. గోంగూర పచ్చడి పెట్టినా, చప్పిడి పప్పు పెట్టినా ఒకటే మాట: "మట్టి తిన్నట్టుందయ్యా." ఎనిమిది నెలల్లో మనిషి సగమైంది. డాక్టరు గారు మందులు ఆపేసి, "ఘాటైన వాసనలు చూపిస్తూ ఉండండి, తిరిగి రావచ్చు" అన్నారు. రావచ్చు అన్నారు, వస్తుందనలేదు. నాకు తెలిసిన మంచి వాసన ఒకటే, ఆరుబయట నిప్పుల మీద కాలే తిండి. మా చేలో పత్తికట్టె మంటలో వంకాయలు కాల్చి చూపించాను. లాభం లేకపోయింది. సరే, ఇంకోళ్ళు కాల్చే చోటికి తీసుకెళ్దామని మార్చి ఆఖర్లో ఒక ఆదివారం బయల్దేరాం.

మా ఊరు దాచేపల్లి పక్కనే. ఉదయం ఆరున్నరకి సిమెంటు ఫ్యాక్టరీ పనివాళ్ళ గదుల దగ్గర ఆగాం. సెలవురోజు అక్కడ బీహారు వాళ్ళు పిడకలు రాజేసి లిట్టీలు కాలుస్తారు. గోధుమపిండి ముద్దలో వేపిన శనగల పిండి కూరి నిప్పుల్లో పొర్లిస్తారు. పక్కనే కాలిన వంకాయ నలిపి ఉప్పూ కారం కలుపుతారు. మన వంకాయ పచ్చడికి దగ్గరి చుట్టం. కొత్తవాళ్ళతో నాకు మాట పెగలదు. లిట్టీలు కాలుస్తున్న ఒకాయన్ని రత్తమ్మే అడిగింది.

"కాలిందని ఎట్లా తెలుస్తుంది నాయనా?"

ఆయన ఇటొచ్చి పదేళ్ళయిందట, తెలుగు బాగానే వచ్చు. "వాసన చెప్తుందమ్మా. వాసన రాగానే తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే బొగ్గే."

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆయన ఒక లిట్టీని నేతిలో ముంచి చేతిలో పెట్టి, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"వేడిగా ఉంది నాయనా" అంది. అంతే. డబ్బులివ్వబోతే ఆయన తీసుకోలేదు.

ఏడున్నరకి నరసరావుపేట బస్సెక్కి, అక్కడ దిగి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వెళ్ళే బస్సు పట్టుకున్నాం. నాకు మొత్తం రెండు వందల పైన అయింది. ఆడవాళ్ళకి ఉచితం కనుక ఆవిడకి సున్నా టికెట్టు. "నీకంటే నేనే నయం, ఊరికే తిరుగుతున్నా" అని ఎక్కిరించింది. నా కాళ్ళ దగ్గర గోనెసంచి చూసి కండక్టరు ఆగాడు.

"ఏంటి పెద్దాయనా అందులో?"

"పత్తికట్టె."

"ఒంగోల్లో పుల్లలు కూడా దొరకవా ఏంటండీ?" అని నవ్వాడు. బస్సంతా నవ్వింది. నేను తల దించుకున్నాను గానీ సంచి వదల్లేదు. పత్తికట్టె నిప్పు నాకు తెలుసు. పొగ తక్కువ, సెగ ఎక్కువ. వేరే ఊరి పుల్లల్ని నేను నమ్మను.

పన్నెండింటికి ఒంగోల్లో దిగాం. షేరు ఆటోలో మనిషికి నలభై ఇచ్చి, ఒంటిగంటకల్లా కొత్తపట్నం ఒడ్డుకి చేరాం. అక్కడ తాటాకు పందిరి ముందు మంగమ్మ అనే ఆవిడ చేపలు కాలుస్తోంది. నూనె లేదు, మసాలా లేదు. జానెడు చేపకి గాట్లు పెట్టి, ఉప్పూ పసుపూ రుద్ది, ఇనుప జాలీ మీద పడేస్తుంది. కింద సరుగుడు పుల్లల నిప్పు. నేను ధైర్యం తెచ్చుకుని సంచి చూపించాను.

"మా సరుగుడుకేం రోగం బాబాయ్?"

"పత్తికట్టె వేరమ్మా. చూస్తావుగా."

ఉన్న నిప్పు మీద రెండు పిడికిళ్ళు వేశాను. చేపలు జాలీ మీదే ఉన్నాయి. ఒక్క నిమిషం బాగానే మండింది. తర్వాత మంగమ్మ దగ్గింది. నేను దగ్గాను. పక్కన వల బాగుచేసుకుంటున్న వాళ్ళు లేచి పరిగెత్తారు.

"ఏం పోశావు బాబాయ్, ఒడ్డంతా చచ్చేట్టుంది!"

అప్పుడు చూశాను. మా దొడ్లో పత్తికట్టె, మిరపకట్టె పక్కపక్కనే పడేస్తాం. చీకటితో సంచి నింపేటప్పుడు రెండూ కలిసిపోయాయి. పుల్లలకి ఏరకుండా వదిలేసిన రంగుపోయిన తాలు మిరపకాయలు ఎండి వేలాడుతున్నాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మిరపచేలో బతికినవాణ్ణి, ఊరుగాని ఊళ్ళో చేసిన పని అది. నేనూ మంగమ్మా దూరం జరిగాం. రత్తమ్మ మాత్రం మోకాళ్ళ నొప్పితో లేవలేక, కళ్ళు మూసుకుని, కొంగు ముఖానికి కప్పుకుని అక్కడే కూర్చుంది. ఘాటుకి దగ్గుతోంది. దగ్గు ఎవరికైనా వస్తుంది. నేను దాని మీద ఆశ పెట్టుకోలేదు.

కొంగులోంచే గట్టిగా అరిచింది. "చేప మాడుతోంది, తిప్పండి!"

మంగమ్మ పరిగెత్తి తిప్పింది. ఒక పక్క అప్పుడే నల్లబడుతోంది. "ఎట్లా చూశావు పిన్నీ?"

"ఎక్కడ చూడను, కళ్ళు మంటెత్తుతుంటే! వాసనొచ్చింది."

అన్నాక గానీ ఆ మాట ఆవిడకే అర్థం కాలేదు. కొంగు తీసి నా వైపు చూసింది. కళ్ళ నీళ్ళు మిరపవో కావో నేనడగలేదు.

"ఇంకేం వాసన తెలుస్తోంది?" అన్నాను.

"నీ చొక్కా. చెమట కంపు. అవతలికి పో."

ఒక చేప పూర్తిగా తిని, నా దాంట్లో సగం లాక్కుంది.

ఫోన్లో చూస్తుంటాను, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో గొర్రెని చువ్వకి గుచ్చి కాలుస్తుంటారు, ఆకుల్లో చుట్టి గుంటలో పూడుస్తుంటారు. వాళ్ళ మాట నాకు రాదు. కానీ తిప్పే ముందు అందరూ ఒకసారి నిప్పు మీదికి వంగి గాలి పీలుస్తారు. బీహారు ఆయనా అంతే, మంగమ్మా అంతే. ఆ వరసలో మా ఆవిడ మళ్ళీ కూర్చుంది. మల్లెపూల వాసన ఇంకా అందలేదు. అదీ వస్తుంది, నాకు నమ్మకమే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి కొడుతుంది, కాబట్టి నిప్పుకి నీళ్ళ వైపున కూర్చోండి, పొగ మీ మీదికి రాదు. మీ ఇంట్లో ముక్కు పనిచెయ్యనివాళ్ళు ఉంటే మాత్రం ఇవతల, పొగ వైపే కూర్చోబెట్టమని రత్తమ్మ రాయమంది.