పాటల గోడకు ఒక్కరే యూజరు

నేను రాసేవి ఎవరూ చదవరు. వినయానికి చెబుతున్న మాట కాదిది, నా ఉద్యోగమే అలాంటిది.

మాది హైటెక్ సిటీలో వెబ్ పనిముట్లు తయారుచేసే కంపెనీ. మీటింగులు కుదుర్చుకునేవి, ఫారాలు నింపుకునేవి, ఫొటోలు సర్దుకునేవి, ఇలా ఏవేవో చేస్తుంటాం. వాటిలో చిన్న మార్పు జరిగినా తెర మీద ఒక మూల "కొత్తగా ఏముంది?" అంటూ ఒక డబ్బా తెరుచుకుంటుంది చూడండి, అందులో ఉండే నాలుగు ముక్కలు రాసేది నేనే. అది కనిపించీ కనిపించగానే మీరు ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తారు. వేరేవాళ్లు రాసినవి నేనూ అలాగే మూసేస్తాను. ఒక బటన్ కుడి నుంచి ఎడమకు జరిగితే "మీ పని ఇక మరింత సులువు" అని రాస్తాను. కొన్నాళ్లకు అదే బటన్ ఎడమ నుంచి కుడికి తిరిగొస్తే మళ్లీ "మరింత సులువు" అనే రాస్తాను. ఇన్నేళ్లుగా నేను చేసిన సులువుకు ఈపాటికి జనానికి పనేమీ మిగిలి ఉండకూడదు.

మా దగ్గర కొత్త ప్రాజెక్టు మొదలైతే పెళ్లి సందడే. కేకు సంగతి ఎలా ఉన్నా పూజ తప్పదు. సర్వర్లు ఏ దేశంలో ఉంటాయో మాకూ తెలియదు కాబట్టి మేనేజరు లాప్‌టాప్‌కు బొట్టు పెడతాం. ఒకసారి పైన అగరొత్తులు వెలిగిస్తే పొగ అలారం మోగి బిల్డింగు బిల్డింగంతా రోడ్డున పడింది. అప్పటి నుంచి లాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని బేస్‌మెంట్ పార్కింగుకు దిగి, కార్ల మధ్య కొబ్బరికాయ కొడుతున్నాం. రాహుకాలంలో ఏదీ విడుదల చెయ్యం. కరీంనగర్ నుంచి వచ్చిన మా టెస్టరు ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. "తప్పులుంటే తర్వాతనన్న దిద్దుకుంటం అక్కా, ముహూర్తం తప్పితే ఏం జేస్తం?" అంటాడు. మూసేసే ప్రాజెక్టుకు మాత్రం ఏ సందడీ ఉండదు. నాతో ఒక వీడ్కోలు నోటు రాయించి దులిపేసుకుంటారు.

అలా బేస్‌మెంట్లో పుట్టినవాటిలో గోడ ఒకటి. ఇంగ్లీషులో దానికి పొడుగాటి పేరుండేది గానీ మేమంతా గోడ అనేవాళ్లం. వెబ్‌సైటు తెరిచి ఎర్ర బటన్ నొక్కి మాట్లాడితే ఆ మాట గోడకు ఇటుకలా అతుక్కుంటుంది. లోపలికొచ్చినవాళ్లు దాన్ని నొక్కి వినొచ్చు, కింద తమ మాట కూడా అతికించొచ్చు. ఆఫీసుల్లో మీటింగులు తగ్గించడానికని దీన్ని తయారుచేశాం. మీటింగులు తగ్గాలని ఏ ఆఫీసూ కోరుకోదని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఏ పనిముట్టుకైనా మొదట్లో వాడేవాళ్లు కావాలి. మా మేనేజరు రాజమండ్రి మనిషి, మహా మర్యాదస్థుడు, బెదిరించాలన్నా అండీ పెట్టే బెదిరిస్తారు. "అందరూ ఇంట్లోవాళ్ల చేత అకౌంట్లు తెరిపించాలండీ. నేను మా ఆవిడ చేత ఆల్రెడీ తెరిపించేశాను" అన్నారు. మా ఇంట్లో పగలు ఖాళీగా ఉండేది మా అత్తగారొక్కరే. ఆవిడ చేత తెరిపించాను.

అత్తగారిది అనంతపురం వైపు. మామగారు పోయాక నల్లగండ్లలో మా ఫ్లాటుకు వచ్చేశారు. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసులకు వెళ్లిపోతే ఆవిడకు మిగిలేది బాల్కనీ. కింద గేట్లోంచి ఏ కారు ఎప్పుడు బయటికి వెళ్తుందో సెక్యూరిటీ కంటే ముందు చెప్పే స్థితికి వచ్చారు. ఒకసారి లిఫ్టులో కనిపించినావిడను "ఏం కూర చేసినావమ్మా?" అని పలకరిస్తే, ఆవిడ చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోను మాట్లాడుతూ పట్టించుకోకుండా దిగిపోయిందట. ఆ చెప్పని కూర గురించి నేను చాలా రోజులు విన్నాను.

గోడ తెరిచాక అత్తగారు దాని మీద ఒక మంగళహారతి పాడి పెట్టారు. ఆవిడ గొంతు మామూలుది కాదు, వంటింట్లో అందుకుంటే హాల్లో మా ఆయన టీవీ శబ్దం పెంచుకోవాల్సి వచ్చేది. ఆ హారతి ఎలా చేరిందో లిఫ్టావిడకే చేరింది, ఆవిడే మొదటి శిష్యురాలైంది. ఆ తర్వాత పై అంతస్తులు, పక్క బ్లాకులు. హారతులు అయ్యాక లాలిపాటలు, అవయ్యాక పెళ్లిపాటలు. అత్తగారు ఒక్కో చరణం పాడి పెడితే మిగతావాళ్లు కింద తమ గొంతులతో పాడి పెట్టేవాళ్లు. ఈవిడ అన్నీ విని, "ఊపిరి యాడ పడితే ఆడ తీసుకోవద్దు తల్లీ, పాట తెగిపోతాంది" అని దిద్దేవారు. అందరూ గురువమ్మా అనేవాళ్లు. బాల్కనీ కుర్చీ మీద బట్టలు ఆరడం మొదలైంది. నేను మాత్రం ఏదో కాలక్షేపంలే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆఫీసువాళ్లు కుటుంబాలను పిలిచి భోజనం పెట్టారు. అక్కడ మా అత్తగారూ, మేనేజరు భార్యా పక్కపక్కన కూర్చుని, ఐస్‌క్రీము కరిగిపోతున్నా పట్టించుకోకుండా మాట్లాడుకోవడం చూశాను. మా మీద ఒకరికొకరు చాడీలు చెప్పుకుంటున్నారనుకుని నేను ఆ ఛాయలకు పోలేదు.

ఇదంతా జరిగిన కొన్నాళ్లకు ఒక మీటింగులో మేనేజరు తెర మీద గ్రాఫు చూపించారు. గోడను వాడే వాళ్ల గీత మెట్లు దిగుతూ దిగుతూ వచ్చి నేల మీద చతికిలబడింది.

"రోజూ వచ్చే యూజర్లు ఎంతమందో చెప్పమంటారా అండీ? ఒక్కరు. ఒకే ఒక్కరు. ఈ నెలాఖరుకు మూసేద్దాం" అన్నారు.

తెర మీద ఆ ఒక్క యూజరు పేరు చూసి, శిష్యురాళ్లంతా మానేశారు కాబోలు అనుకుంటూ చెయ్యెత్తాను.

"సార్, ఆవిడ మా అత్తగారు."

గదంతా నవ్వులు. మేనేజరుకు నెత్తిమీద బరువు దిగినంత హాయిగా ఉంది. "ఇంకేంటండీ, వీడ్కోలు నోటు కూడా అక్కర్లేదు! సాయంత్రం ఇంటికెళ్లి ఆవిడకో ముక్క చెప్పేయండి, అయిపోతుంది." అత్తగారికి ఒక ముక్క చెప్పేసి వచ్చిన కోడలు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, దండం పెట్టుకుంటాను.

సాయంత్రం అత్తగారు బీన్స్ తరుగుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. మెత్తగా చెప్పాలని నా ఉద్యోగపు భాష ఎత్తుకున్నాను. "అత్తమ్మా, ఇన్నాళ్ల ఈ ప్రయాణంలో మీరు మాకు తోడుగా ఉన్నందుకు..."

ఆవిడ కత్తి కింద పెట్టారు. "ఎవురు పోయినారు?"

"అయ్యో, ఎవరూ పోలేదు. గోడ పోతోంది. నెలాఖరుకు మూసేస్తున్నారు."

"మరి పాటలు?"

"చెరిగిపోతాయి."

"ఎందుకంట?"

"వాడేవాళ్లు లేరట. మీరొక్కరేనట."

"నేనొక్కదాన్నేనా?" అని నా వైపు ఒకసారి చూసి, మళ్లీ కత్తి తీసుకున్నారు. తిడతారనుకుని సిద్ధమయ్యాను, తిట్టలేదు. బీన్స్ అన్నీ అయ్యాక, "అట్లయితే నేను ధర్మవరంలో పాప దగ్గరికి పోతాలే. ఈడ నాకేం పని" అన్నారు. పాప అంటే మా ఆడపడుచు. మర్నాటికల్లా మంచం పక్కన ఒక సంచి కనిపించింది, పైన మడత పెట్టిన చీర.

నాకు ఏడుపొచ్చింది. ఆ వంటింట్లో ఆవిడతో నేను పడని గొడవ లేదు, చారులో ఇంగువ దగ్గర నుంచి అన్నింటికీ పడ్డాను. కానీ ఆవిడ లేని ఇల్లు నాకొద్దు. ఆవిడను మళ్లీ బాల్కనీలో కూర్చోబెట్టడం కూడా నాకిష్టం లేదు. మేనేజరును రెండోసారి అడిగాను, గ్రాఫును మళ్లీ చూపించారు. చేసేదేమీ తోచక, "గోడ కింద మూల ఒక బటన్ ఉంటుంది అత్తమ్మా, మీరు చెప్పాలనుకున్నది అక్కడ చెప్పండి" అన్నాను. దాని పక్కన "మీ మాట మాకు ఎంతో విలువైనది" అని రాసింది కూడా నేనే. ఆ మాటలు వచ్చి పడే డబ్బాను మా ఆఫీసులో ఎవరూ తెరవరని నాకు తెలుసు.

కొన్ని రోజులకు టెస్టరు గాభరాగా నా సీటు దగ్గరికొచ్చాడు. "అక్కా, గా ఫీడ్‌బ్యాక్ డబ్బా నిండిపోయింది. కొత్తయి ఎక్కుతలేవు. పరేషాన్ అయితున్న. అన్నీ ఒక్క అకౌంటు నుంచే!"

ముగ్గురం మేనేజరు గదిలో తలుపేసుకుని మొదటి రికార్డింగు పెట్టాం. అత్తగారి గొంతే వస్తుందనుకున్నాను. వచ్చింది వేరే గొంతు.

"ఏంది సార్, గిట్ల జేస్తున్నరు? మాది నిజాంపేట. మా బిడ్డ పెండ్లికని తలంబ్రాల పాట నేర్చుకుంటున్న. సగం అచ్చింది. ఇగ సగం పాటతోని పెండ్లి జెయ్యాల్నా?"

తర్వాతిది లిఫ్టావిడ, సగం ఇంగ్లీషులో తిట్టింది. ఆ తర్వాత ఎవరో పెద్దావిడ, మూసేవాళ్ల ఇంట శుభకార్యాల్లో పాడేవాళ్లు దొరక్కుండా పోతారంది. గొంతు మీద గొంతు వస్తూనే ఉంది.

"ఒక్క యూజరుకు ఇన్ని గొంతులేంటండీ?" అన్నారు మేనేజరు.

నేను అక్కడి నుంచే ఇంటికి ఫోను చేసి స్పీకరు పెట్టాను. "అత్తమ్మా, మీ పాస్‌వర్డు ఎవరికైనా ఇచ్చారా?"

"అడిగినోళ్లకంతా ఇచ్చినా. ఇంటికొచ్చినోళ్లకు తలుపు తియ్యొద్దా? ఎవురి అకౌంటుతో వాళ్లు వస్తే ఒకరికొకరు పర్మిషన్ ఇచ్చుకోవాల, ఫోనుకు ఏదో నంబరొస్తాది, అది కొట్టేలోపల టైమైపోయిందంటాది. ఆ తిప్పలెవురు పడతారు? మీ అకౌంట్లు పక్కన పెట్టి నా తాళంచెవితోనే రాండమ్మా అన్నా."

మాకు అప్పుడు అర్థమైంది. మేము తలుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం, గుమ్మం ముందు విడిచిన చెప్పుల గుట్టను చూడలేదు. ఆవిడ తలుపులోంచి వచ్చేవాళ్లు పెరిగినకొద్దీ వాళ్ల సొంత అకౌంట్లు ఖాళీ అయ్యాయి. గీత పడిపోయింది అందుకే.

టెస్టరు చెయ్యి ఆగక ఇంకొకటి నొక్కాడు. ఈసారి మెత్తని గొంతు.

"నమస్కారమండీ, నేను కొత్తగూడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ గోడ మూసేస్తున్న మహానుభావుడెవరో నాకు తెలియదండీ. ఆయనింట్లో పాడేవాళ్లు లేరేమో, పాపం. మా ఇంట్లో నేను పాట ఎత్తుకుంటే మావారు హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంటారండీ. ఇక్కడ గురువమ్మగారు మాత్రం చేతిలో పని పక్కన పెట్టి మరీ వింటారు. అది కూడా తీసేస్తే ఎలాగండీ?" అని, ఎందుకన్నా మంచిదన్నట్టు ఒక లాలిపాట పల్లవి కూడా పాడింది. చాలా బాగా పాడింది.

పాట అయిపోయింది. మేనేజరు మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి సొరుగులో పెట్టారు.

"మా ఆవిడండీ" అన్నారు. "గ్రాఫులో అందరికంటే ముందు రాలిపోయింది తన అకౌంటే. విసుగొచ్చి మానేసిందనుకున్నాను" అన్నారు.

"మేడం మస్తు పాడిన్రు సార్" అన్నాడు టెస్టరు నేల చూపులు చూస్తూ.

మేనేజరు లాప్‌టాప్ చంకన పెట్టుకుని కంపెనీ పెద్దాయన గదికి వెళ్లారు. అక్కడ ఏయే గొంతులు వినిపించారో తెలియదు గానీ మూసివేత ఆగింది. అయితే మా ఆఫీసులో ఏదీ ఊరికే ఆగదు. గోడను మెరుగుపరచమన్నారు. మనిషికొక అకౌంటు, కొత్త రంగులు, ఎక్కువ పాడినవాళ్లకు నక్షత్రాలు. అత్తగారిని అడిగితే ఒక్కటే మాట అన్నారు: "ఏమీ తాకద్దండి. మీరు బాగు చేస్తే మాకు దారి తెలీదు." మేనేజరు ఇంట్లోనూ అదే జవాబు వచ్చినట్టుంది, మర్నాడు మెరుగుల ఊసు ఎత్తలేదు.

అయినా నోటు రాయక తప్పదు. నేను రాసింది ఇంతే: "గోడ మూయడం లేదు. ఈసారి ఏమీ మార్చలేదు."

"'మరింత సులువు' లేదేంటండీ?" అన్నారు మేనేజరు.

"లేదు సార్."

ఏమీ మార్చనందుకు కూడా కొబ్బరికాయ కొట్టాల్సిందేనని టెస్టరు పట్టుబట్టాడు. రాహుకాలం దాటేదాకా ఆగి, బేస్‌మెంటుకు దిగి కొట్టాం.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఫోను కళ్లజోడుకు దగ్గరగా పెట్టుకుని ఏదో చదువుతున్నారు. తెర మీద నా డబ్బా తెరుచుకుని ఉంది. ఇంటూ నొక్కలేదు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవునత్తమ్మా."

"బాగా రాసినావు. అందరికీ చదివి వినిపించినా" అన్నారు. ఫోను పక్కన పెట్టి, సంచిలోంచి చీరలు ఒక్కొక్కటీ తీసి బీరువాలో పెట్టమని నాకు అందించడం మొదలుపెట్టారు.